త్రాసుతో బీజగణితము
(ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



అయ్యగారు మాటలాడుదురనగానే మీరందరు ప్రసంగము వినుటకు సిద్ధపడి వచ్చియుందురు. మేమైతే ఒక త్రాసు, సంచిలో కొన్ని అగ్గిపెట్టెలు, సైకిలు షాపులో కొన్న ఇనుప నట్లు పట్టుకొని వచ్చితిమి. మీకు నవ్వు వచ్చుచున్నది; ఫరవాలేదు. కొన్ని సంవత్సరములుగా మా సంఘపు హాలులో సాయంకాలము నడుచు బడిలో ఈ వస్తువులతోనే మూడవ తరగతి మొదలు అయిదవ తరగతి వరకు గల పిల్లలకు బీజగణితము నేర్పుచున్నాము. ఆ అనుభవమును మీతో చెప్పుమని కమిటీవారు కోరిరి. అందులో మేము చేసిన తప్పును గూడ చెప్పుమని వారు కోరలేదు. అది మేమే చేర్చుకొంటిమి.

"ఎనిమిదేండ్ల పిల్లలకు బీజగణితమా?" అని మీరడుగవచ్చును. కూడికలు, తీసివేతలు చక్కగా చేసిన పిల్లలు ఆరు, ఏడు తరగతులకు వచ్చి, అంకెల నడుమ ఒక అక్షరము కనబడగానే ఆగిపోవుట మీలో అనేకులు చూచియుందురు. "నిన్నటి వరకు లెక్కలు వచ్చినవి, ఇప్పుడు రావు" అని పిల్లవాడు తన్ను తానే తీర్పు తీర్చుకొనును. తరువాత లెక్కల పీరియడు అంటే భయము, భయము వెనుక బడి మానుట. మా సంఘములో చదువు మానిన పిల్లలను ఎందుకు మానితివని అడిగితే, ఎక్కువమంది నోట వచ్చిన మొదటి మాట "లెక్కలు" అనునదే.

మేము నేర్చుకొన్న విధానము మీకు తెలిసినదే. "ప్లస్ అటు పోతే మైనస్, మైనస్ అటు పోతే ప్లస్." ఈ మంత్రమును వల్లించి పదవ తరగతి గట్టెక్కితిమి, వేదాంత కళాశాలకు వెళ్ళితిమి, పట్టభద్రులమైతిమి. అయితే అటు పోయిన ప్లస్ ఎందుకు మైనస్ అగునో మాకు ఎవరును చెప్పలేదు, మేమును అడుగలేదు. సాయంకాలపు బడిలో ఒక పిల్లవాడు "దాన్ని ఎవరు మారుస్తారండీ?" అని అడిగిన రోజున మా నోట మాట రాలేదు. ఆ ప్రశ్నయే మాకు ఈ త్రాసు తెప్పించినది.

మొదట ఒక చిన్న పరీక్ష. ఇంటికి వెళ్ళి మీ పిల్లల పలకమీద ఇట్లు వ్రాయుడి: 8 + 4 = ఖాళీ గడి + 5. గడిలో ఏమి రావలెనని అడుగుడి. అమెరికా దేశమున 1999లో ప్రచురింపబడిన ఒక పరిశీలనలో ఆరవ తరగతి పిల్లలు 145 మందికి ఈ లెక్క ఇయ్యగా, ఒక్కరును 7 అని వ్రాయలేదు. అందరును 12 అనిగాని 17 అనిగాని వ్రాసిరి. మా హాలులో ఇచ్చినప్పుడును 12, 17లే వచ్చినవి. దేశము వేరైనను తప్పు ఒక్కటే.

ఎందుకు? ఏండ్ల తరబడి 8 + 4 = అని వ్రాసి, దాని ప్రక్కన జవాబు వ్రాయుము అనుచున్నాము. అందుచేత '=' అను గుర్తుకు "ఇక జవాబు చెప్పు" అని అర్థమని బిడ్డ నేర్చుకొనును. నిజమునకు ఆ గుర్తు ఆజ్ఞ కాదు, సాక్ష్యము. ఇటువైపున ఉన్నది, అటువైపున ఉన్నది ఒక్కటే తూకమని అది సాక్ష్యమిచ్చుచున్నది. ఈ గుర్తును మొట్టమొదట అచ్చులో వాడిన వేల్సు దేశస్థుడు రాబర్ట్ రికార్డు 1557లో ప్రకటించిన తన గ్రంథములో ఒకే పొడవుగల రెండు సమాంతర రేఖలను గీసెను. వాటికంటె సమానమైన జంట మరియొకటి లేదని ఆయన ఉద్దేశము. ఈ ఒక్క సంగతి బిడ్డకు తేటపడినయెడల బీజగణితములో సగము వచ్చినట్లే. దీనిని తేటపరచుటకు త్రాసును మించిన ఉపాధ్యాయుడు లేడు.

ఒకప్పుడైతే పిల్లలకు త్రాసును చూపనక్కరలేదు. ప్రతి కొట్టులో, ప్రతి సంతలో అది ఊగుచునే యుండెను. నేడు బజారులో ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చినవి. సరుకు పెట్టగానే అంకె వెలుగును. రెండవ పళ్ళెము లేదు. రెండు ప్రక్కలు సరితూగుట అనునది పిల్లల కంటికి మరుగైపోవుచున్నది. కావున బజారు విడిచిన త్రాసును మనము బడిలోనికి తెచ్చుకొనవలెను.

దానిని చేయుట కష్టము కాదు. రెండడుగుల తిన్నని కర్ర, ఒకే రకపు రెండు పళ్ళెములు, పురికొస చాలును. కర్రకు సరిగా నడుమ, సన్నని రంధ్రము చేయవలెను. ఆ రంధ్రము కర్ర వెడల్పులో మధ్యకంటె కొంచెము పైకి ఉండవలెను. లేనియెడల త్రాసు నిలకడగా ఆగదు, ఒక ప్రక్కకు ఒరిగి అక్కడనే ఉండిపోవును. ఒక పళ్ళెము కొద్దిగా బరువైతే రెండవ ప్రక్క కర్రకు కొంచెము తీగ చుట్టవలెను. తూచుటకు గోళీలు, చింతపిక్కలు మొదట వాడితిమి. చింతపిక్కలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, పాఠమంతయు తగవులాయెను. తరువాత ఒకే సైజు నట్లు కొంటిమి. అవి ఒక్కటే తూకము, అగ్గిపెట్టెలో పట్టును.

ఇక మా మొదటి పాఠము. మూడు అగ్గిపెట్టెలు, రెండు విడి నట్లు ఎడమ పళ్ళెములో పెట్టితిమి. ఒక అగ్గిపెట్టె, పది విడి నట్లు కుడి పళ్ళెములో పెట్టితిమి. ప్రతి పెట్టెలోను సమానముగా నాలుగేసి నట్లు ముందే దాచియుంచితిమి. లెక్క ప్రకారము ఎడమన పండ్రెండును రెండును పదునాలుగు, కుడిన నాలుగును పదియు పదునాలుగు. "చూడండి పిల్లలూ, రెండు ప్రక్కలు సమానముగా నిలుచును" అని పెద్ద గొంతుతో ప్రకటించి చేయి తీసితిమి. ఎడమ పళ్ళెము ధబాలున క్రిందికి దిగెను.

పిల్లలు నవ్విరి. మేము తాడు సర్దితిమి, తీగ సర్దితిమి, పెట్టెలు విప్పి నట్లు లెక్కించితిమి. అన్నియు సరిగానే యున్నవి. త్రాసు మాత్రము ఒప్పుకొనలేదు. చెమటలు పట్టినవి.

అప్పుడు గోడవార కూర్చున్న నాలుగవ తరగతి ఆడపిల్ల లేచి, మెల్లగా "పడికట్టు పెట్టలేదు కదండీ అయ్యగారూ" అనెను.

పెద్దలకు ఆ మాట తెలియును. కొనువారు తెచ్చిన గిన్నెలో సరుకు తూచవలసివచ్చినప్పుడు ముందుగా ఖాళీ గిన్నె బరువుకు సరిపడు రాయి రెండవ ప్రక్క పెట్టుదురు, అదియే పడికట్టు. ఆ పిల్ల తల్లి చేపలు అమ్మును. గిన్నెకు పడికట్టు పెట్టనిదే ఆమె చేప వేయదు. ఆ పిల్ల ముందుకు వచ్చి, సంచిలోనుండి రెండు ఖాళీ అగ్గిపెట్టెలు తీసి కుడి పళ్ళెములో పెట్టెను. ఎడమన మూడు పెట్టెలు, కుడిన ఒకటి. ఎక్కువైన రెండు పెట్టెల అట్ట బరువును మేము లెక్కలోనికి తీసికొనలేదు. త్రాసు కొంచెముసేపు ఊగి సమముగా నిలిచెను. హాలంతయు చప్పట్లు.

మేము చప్పట్లు కొట్టలేకపోతిమి. దానికి కారణము కలదు, చివరకు చెప్పుదుము.

ఆ దినమునుండి పాఠమును మూడు మెట్లుగా నడుపుచున్నాము. మూడు అనగానే మీరు మరల ప్రసంగమనుకొందురేమో గాని, ఇది మేము కల్పించినది కాదు. జెరోమ్ బ్రూనర్ అను విద్యావేత్త 1966లో ప్రకటించిన గ్రంథములో జ్ఞానము మొదట చేతికి, తరువాత కంటికి, ఆ తరువాత గుర్తులకు వచ్చునని వివరించెను. ఆయనయు, జోల్టాన్ డీన్స్ అను గణితవేత్తయు కలిసి ఎనిమిదేండ్ల పిల్లలు నలుగురికి చెక్కముక్కలతోను, త్రాసుతోను వర్గముల లెక్కలను గూడ నేర్పి చూచిరి.

మొదటి మెట్టు చేయి. ఇందాకటి లెక్కనే తీసికొందము. నియమములు రెండే. పెట్టె విప్పగూడదు, ఊపి వినగూడదు. త్రాసు ఒరగకుండ ఏమి తీసినను ఫరవాలేదు. పిల్లలు కొంతసేపు చూతురు. ఎవరో ఒకరు విడి నట్టు ఒకటి ఎడమనుండి తీయును, త్రాసు ఒరుగును. వెంటనే కుడినుండియు ఒకటి తీయును, త్రాసు నిలుచును. ఇక కిటుకు తెలిసినట్లే. రెండు ప్రక్కల రెండేసి నట్లు తీయుదురు. పిమ్మట ఒక పెట్టెకు ఒక పెట్టె తీయుదురు. ఎడమన రెండు పెట్టెలు, కుడిన ఎనిమిది నట్లు, వాటితో రెండు ఖాళీ పెట్టెల పడికట్టు మిగులును. "ఒక్కొక్క పెట్టెకు పంచుము" అనగానే ఎనిమిదిని రెండు కుప్పలు చేసి "నాలుగు!" అని అరచెదరు. అప్పుడు పెట్టె విప్పనిత్తుము. లోపల నాలుగే. ఆ ముఖములు మీరు చూడవలెను!

ఇక్కడ తప్పు చేసిన పిల్లవానిని ఎవరును కోప్పడనక్కరలేదు. ఒక ప్రక్క మాత్రమే తీసినయెడల త్రాసే ఒరిగి చెప్పును. ఎర్రసిరా లేదు, బెత్తము లేదు. త్రాసు ఎవరి ముఖము చూచి తూచదు. తప్పు చేసినవాని పేరు పిలువదు. సరిచేసికొనుటకు మరల అవకాశము ఇచ్చును.

రెండవ మెట్టు బొమ్మ. వారము, పది దినములు గడచిన తరువాత త్రాసును ప్రక్కన పెట్టి పలకమీద దాని బొమ్మ గీయించుదుము. పెట్టెకు చదరము, నట్టుకు చుక్క. రెండు ప్రక్కల తీసినవాటిని గీత గీసి కొట్టివేయుదురు. బొమ్మలో అట్టకు బరువు లేదు గనుక పడికట్టు అక్కరలేదని పిల్లలే చెప్పిరి. అమెరికాలో డాక్టర్ హెన్రీ బోరెన్సన్ అను ఉపాధ్యాయుడు 1980వ దశకములో రూపొందించిన పద్ధతిలోను ఇట్లే త్రాసు బొమ్మనుంచి, పెట్టెలకు బదులు చదరంగపు బంటులవంటివి, నట్లకు బదులు అంకెలు వేసిన పాచికలు పెట్టుదురు. నిజముగా తూచుట లేదు గనుక అందులో చిక్కు తక్కువ. అయినను మా అనుభవములో, చేతితో ఒకసారైనను నిజముగా తూచిన పిల్లవానికి ఆ బొమ్మ మీద నమ్మకము కలుగును.

మూడవ మెట్టు అక్షరము. చదరము గీయుటకు విసుగు పుట్టినప్పుడు పిల్లలే "ఊరికే ఒక అక్షరం వేద్దామండీ" అందురు. అంతవరకు మేము తొందరపడము. 3అ + 2 = అ + 10 అని వ్రాయుదుము. ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. 'అ' అనగా అగ్గిపెట్టె కాదు, నట్టును కాదు. పెట్టెలోనున్న నట్ల సంఖ్య. ఇది చెప్పనియెడల, అక్షరము వస్తువుకు పొట్టిపేరు అను అపోహ పై తరగతులవరకు వెంటబడును. రేపు పాఠ్యపుస్తకములో 'ఎక్స్' వచ్చినప్పుడు వీరికి అది భూతము కాదు. మూతవేసిన పెట్టె మాత్రమే.

అప్పుడు పాత మంత్రమును తెరచి చూపవచ్చును. ప్లస్ రెండు అటు పోయి మైనస్ రెండు కాలేదు. ఏదియు ఎటును పోలేదు. రెండు ప్రక్కలనుండి రెండేసి తీసితిమి, అంతే. పుస్తకములో పక్షాంతరము అనునది ఈ పనికి పెట్టిన పొట్టి దారి. దారి తెలిసినవానికి పొట్టి దారి మేలు. తెలియనివానికి అది అడవి.

కొన్ని తమాషాలును చేయింపవలెను. ఎడమన ఒక పెట్టె, మూడు నట్లు. కుడిన ఒక పెట్టె, అయిదు నట్లు. పెట్టెలు రెండింటిలో ఒకే సంఖ్య ఉండవలెను. ఎన్ని వేసిన సరిపోవును? పిల్లలు ఒకటి వేసిరి, రెండు వేసిరి, ఆరు వేసిరి. ఎన్నటికి సరిపోదని తామే తేల్చిరి. మరియొక దినమున రెండు ప్రక్కల ఒక పెట్టె, అయిదు నట్లు పెట్టగా, ఎన్ని వేసినను సరిపోవుచున్నదని ఆశ్చర్యపడిరి. జవాబు లేని లెక్క, ఎన్నియైనను జవాబులు గల లెక్క ఉండునని అయిదవ తరగతి పిల్లలు చేతులతో తెలిసికొనిరి.

ఇది పరదేశపు క్రొత్త ఫ్యాషను అని ఎవరును అనుకొనరాదు. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ వ్రాసిన గ్రంథము పేరులోని 'అల్ జబ్ర్' అను మాటనుండియే ఆల్జీబ్రా అను పేరు వచ్చినది. తీసివేయబడిన దానిని రెండు ప్రక్కల చేర్చి పూరించుట జబ్ర్. రెండు ప్రక్కల ఉన్న ఒకే రకపు వాటిని ఎదురెదురుగా కొట్టివేయుట ముకాబలా. రెండవది మన పిల్లలు త్రాసు దగ్గర చేసినదే. మన దేశమున బ్రహ్మగుప్తుడు 628లోనే తెలియని రాశులతో లెక్కించు పద్ధతులు వ్రాసెను. భాస్కరాచార్యుడు పండ్రెండవ శతాబ్దపు తన బీజగణిత గ్రంథములో తెలియని రాశులకు నలుపు, నీలము, పసుపు అని రంగుల పేర్లు పెట్టెను. పదునొకండవ శతాబ్దములో పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. కాబట్టి గణితము తెలుగు నోటికి క్రొత్త కాదు. తెలుగు బిడ్డకు దానిని మనము దూరము చేయకుండిన చాలును.

త్రాసు అన్నిటికి చాలదని గూడ ఒప్పుకొనవలెను. అ + 5 = 2 అని వ్రాసి "పెట్టెలో ఎన్ని?" అని అడిగితే పిల్లలు "అటువంటి పెట్టె ఉండదండీ" అనిరి. వారి మాట నిజమే. సున్నకంటె తక్కువ బరువును ఏ పళ్ళెము మోయదు. అక్కడ మేము అప్పు చీటీలు వాడుచున్నాము. చీటీ ఒక్కటికి ఒక నట్టు బాకీ. పెట్టెలో మూడు బాకీ చీటీలున్నవనుకొనుడి. ప్రక్కనున్న అయిదు నట్లలో మూడు బాకీ క్రింద పోగా రెండు మిగులును. బ్రహ్మగుప్తుడు కలిమికి ధనమని, బాకీకి ఋణమని వాడిన మాటలే నేటికిని మన పాఠ్యపుస్తకములలో ధన, ఋణ సంఖ్యలుగా ఉన్నవి. ఆ మెట్టు చేరిన తరువాత త్రాసును మూలన పెట్టవలెను. నడక వచ్చిన బిడ్డకు మూడుచక్రముల బండి అక్కరలేదు.

ఇప్పుడు మా తప్పు సంగతి.

పడికట్టు అడిగిన ఆ పిల్లను గూర్చి, అంతకు నెల దినముల క్రితము మేము దాని తల్లిని పిలిచి ఒక మాట చెప్పియుంటిమి. పిల్లకు ఎక్కములు రావు, పలకమీద కూడిక తప్పులు పోవు, లెక్కలు దీని తలకెక్కవు, ఎనిమిదవ తరగతి కాగానే కుట్టు మిషను నేర్పించుట మంచిదని చెప్పితిమి. మంచి సలహా ఇచ్చితిమనియే తలంచితిమి. ఆ తల్లి "అలాగేనండి" అని తలవంచుకొని వెళ్ళెను. ఆ పిల్ల వాకిట నిలబడి విన్నదని తరువాత తెలిసినది.

పట్టము పుచ్చుకొన్న మాకు కనబడని సంగతి ఆ బిడ్డకు కనబడెను. పెట్టెకు, పెట్టెలోనిదానికి భేదము ఎరిగి, దానిని విడదీయుటకు ఏమి చేయవలెనో దానికి తెలియును. బీజగణితములో అంతకంటె పెద్ద బుద్ధి ఏమున్నది? మేము దాని పలకను తూచితిమి, దానిని తూచలేదు. మాకే పడికట్టు లేకపోయెను.

ఆ సాయంకాలమే చేపల బజారుకు వెళ్ళితిమి. కొనువారు పోవువరకు నిలిచి, "అమ్మా, ఆ రోజు మేము చెప్పినది తప్పు. పిల్లను చదివించండి" అని చెప్పితిమి. ఆమె చేయి కడుగుకొనుచు, "తూకం మాకు చేతిలోనే ఉందండి అయ్యగారూ. పలక మీదకే రావట్లేదు" అనెను. అక్కడనున్న పిల్ల మా ముఖమువైపు చూడలేదు. మరునాడు బడికి వచ్చినప్పుడు మాత్రము ముందు వరుసలో కూర్చుండెను.

ఆ పిల్ల ఇప్పుడు ఏడవ తరగతి. అద్భుతమేదియు జరుగలేదు. పండ్రెండవ ఎక్కము నేటికిని తడబడును. సమీకరణము ఇచ్చినయెడల మాత్రము తొందరపడకుండ రెండు ప్రక్కలు చూచుకొని చేయును, చివర జవాబును వేసి సరిచూచుకొనును. కుట్టు నేర్చుకొందునన్నను నేర్చుకొనవచ్చును, అదియు గౌరవమైన పనియే. అయితే అది దాని ఇష్టము కావలెను గాని, మా తీర్పు కారాదు.

తల్లిదండ్రులారా, మీకు మా మనవి ఒక్కటి. బిడ్డ యెదుట "మా వాడికి లెక్కలు రావండి" అని ఎన్నడు అనవద్దు. ఉపాధ్యాయ మిత్రులారా, మీకును ఒక మనవి. అక్షరమునకు ముందు త్రాసును, జవాబునకు ముందు రెండు ప్రక్కలను చూపుడి. మన పెద్దలు చెట్టు క్రింద, పెంకుటింటిలో, పలకా బలపముతో బడులు నడిపిరి. ఈ నూరేండ్ల పండుగ సందర్భమున ప్రతి సాయంకాలపు బడికి ఒక కర్ర త్రాసు చేసి ఇచ్చుటకు యౌవనస్థులు ముందుకు వచ్చినయెడల, ఎట్లు చేయవలెనో మేము చూపుదుము. అయ్యే ఖర్చు ఒక పూట టీ ఖర్చుకు మించదు.

ఈ కూటము ముగిసిన తరువాత త్రాసు ఈ బల్లమీదనే ఉండును. పిల్లలతో పాటు పెద్దలును వచ్చి తూచి చూడవచ్చును. ఖాళీ అగ్గిపెట్టెలు రెండు ప్రక్కన పెట్టియున్నాము; వాటిని మరువకుడి.